ఎక్స్‌రేలో తెల్ల గీతలు

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌గా చేరాను. మూడేళ్లు చేసి మానేశాను. ఈ సంగతి రెండో ఏడాదిది.

పామర్రు నుంచి విశాలాక్షిగారని లెక్కల టీచరు వారానికి మూడుసార్లు వచ్చేవారు. ఒకరోజు, "చీరలు పొడుగైపోతున్నాయయ్యా, నేలకి జీరాడుతున్నాయి," అన్నారు. నేను నవ్వాను. భర్త శర్మగారు నవ్వలేదు. "చీరలు అవేనండీ. మనిషే తగ్గుతోంది."

ఎముకలు అరుగుతున్నాయేమోనని డాక్టరుగారు చేతికి ఎక్స్‌రే తీయించారు. ఫిల్మును కిటికీకి ఆనించి, ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేశాను. వేళ్ల ఎముకల అంచులు చెదలు తిన్నట్టున్నాయి. ఎక్స్‌రేలో కనపడకూడని రక్తనాళాలు తెల్ల తీగల్లా వేళ్ల దాకా పాకాయి. ఎముకల్లోని కాల్షియం బయటికి నడిచి నాళాల్లో కాపురం పెట్టింది. ఆవిడ నాడి పట్టుకుంటే వేలి కింద గట్టి గొట్టం తగిలింది.

కిడ్నీ పనిచేయకపోతే తిండిలోని ఫాస్ఫరస్ ఒంట్లో పేరుకుంటుంది. దాంతో మెడలోని చిన్న గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి. డయాలసిస్ ఒక్కటే చాలదు. ఫాస్ఫరస్‌ను కడుపులోనే పట్టేసే మాత్ర అన్నంతో పాటు నమలాలి. వచ్చే నెల పరీక్షలో ఫాస్ఫరస్ దిగకపోతే ఆ గ్రంథులు తీసేయడానికి మెడకు ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. ఆవిడ గుండె మత్తుకు తట్టుకుంటుందని మాత్రం చెప్పలేనన్నారు.

మాత్ర ఒక్కపూట కూడా మానలేదని ఆవిడ ఒట్టేశారు. మరి ఫాస్ఫరస్ ఎందుకు దిగదు, అబద్ధమాడుతున్నారని నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం భోజనం వేళ వీడియో కాల్ చేయమన్నాను. శర్మగారు ఫోన్ పట్టుకున్నారు. ఆవిడ తిన్నారు, చెయ్యి కడిగారు, వంటిల్లంతా సర్దారు, అప్పుడు మాత్ర తీశారు.

"తినేటప్పుడు వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అని అరిచాను.

"ఎంగిలి చేత్తో మందుల డబ్బా ఎలా ముట్టుకుంటానయ్యా?"

ఎడమచేత్తో తీసుకోమన్నా తింటూ ముట్టుకుంటే అదీ ఎంగిలేనన్నారు. చివరికి శర్మగారికి చెప్పాను: "ఉప్పు మానేశారుగా సార్, కంచంలో ఆ చోటు ఖాళీయే. అక్కడ మాత్ర వడ్డించండి."

"డాక్టరుగారి ఊరగాయన్నమాట," అన్నారు టీచరుగారు.

నెల తిరిగేసరికి ఫాస్ఫరస్ దిగింది. ఆపరేషన్ ఆగింది. తగ్గిన ఎత్తు తిరిగి రాలేదు. తర్వాత తీసిన ఎక్స్‌రేలోనూ ఆ తెల్ల గీతలు అలాగే ఉన్నాయి.

మందు వేసుకున్నారా అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఎలా వేసుకున్నారో చూడాలి.