కళ్ళజోళ్ళమ్మ కూతురు

కళ్ళజోళ్ళ దుకాణంలో పని కావాలని ఆవిడ ఎవరినీ అడగలేదు. మొగుడు చెయ్యి చేసుకున్నప్పుడల్లా కళ్ళజోడు వంకరపోయేది, బాగుచేయించుకోవడానికి వెళ్ళేది. వెళ్ళగా వెళ్ళగా ఒకరోజు యజమాని, "సగం మీరే సరిచేసుకొస్తున్నారు. మిగతా సగం కూడా నేర్చుకోండమ్మా," అని స్క్రూడ్రైవరు చేతిలో పెట్టాడు. ఆవిడ నవ్వేసింది. ఏదైనా నవ్వి తేల్చెయ్యడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. కూతురికి పదిహేడు నిండాయి. చిన్నప్పుడు గొడవ మొదలవగానే పిల్లను లోపలి గదిలో కూర్చోబెట్టి టీవీ సౌండు పెంచేది. దెబ్బల సంగతి పిల్లకు తెలియదని ఆవిడ గట్టి నమ్మకం. నాన్న ఎందుకు అరిచాడని అడిగితే, "ప్రేమ ఉన్నవాళ్ళకే కోపం వస్తుందమ్మా," అని సర్దిచెప్పేది. తలుపు అంత మందమనుకుంది పిచ్చితల్లి.

ఒక సాయంత్రం, కూతురితో తిరిగే కుర్రాడు దుకాణానికొచ్చాడు. మందపాటి అద్దాలవాడు. కూతురు వాణ్ణి ముద్దుగా సోడాబుడ్డి అంటుంది.

"మెట్లమీద పడ్డానాంటీ."

"పోయినసారి కూడా మెట్లేగా. వాటికి నీమీద ఏం పగ నాయనా?"

వాడు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఆవిడ ఫ్రేము సరిచేసి, చెవిమీద సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని వాడి మొహం దగ్గరికి చెయ్యెత్తింది. వాడు చటుక్కున తల తిప్పేసి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ అమ్మాయికి చెప్పకండాంటీ," అన్నాడు. "తప్పు నాదే. ఫోను ఎత్తలేదు."

ఆవిడ ఎత్తిన చెయ్యి దించేసింది. కూతురికి తండ్రిలాంటి మొగుడు దొరుకుతాడేమోనని ఇన్నేళ్ళూ హడలి చచ్చింది. కూతురే ఆ తండ్రి దారి పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఇంటికెళ్ళేసరికి కూతురు బట్టలు మడతపెడుతోంది.

"ఆ అబ్బాయిని కొడుతున్నావా?"

"ఎప్పుడో ఒకసారి. వెంటనే సారీ చెప్తాను. వాడేమీ అనుకోడు."

"నీకెలా తెలుసు?"

"నన్నొదిలి పోలేదుగా. నువ్వూ పోలేదు. టీవీ ఎంత పెంచినా వినపడేదమ్మా." మడత ఆపింది. "ప్రేమ ఉన్నవాళ్ళకే కోపం వస్తుందన్నావు. నాకు వాడంటే ప్రాణం."

ఆవిడ మంచమ్మీద కూలబడింది. పాత నవ్వు పెదాల దాకా వచ్చింది, మింగేసింది.

"అది అబద్ధం. ప్రేమా లేదు, పాడూ లేదు. భయమేసి ఉండిపోయాను. మీ నాన్న గేటు తీసిన చప్పుడైతే నాకు ఊపిరాడేది కాదు. ఆయన పోయినప్పుడు అందరితోపాటు ఏడ్చాను గానీ, ఆ రోజే కడుపునిండా తిన్నాను."

కూతురు చేతిలో బట్ట పక్కన పెట్టేసింది.

"వాడికి నేనంటే భయమా?"

అబ్బే, అలాంటిదేం లేదులే అనెయ్యడం ఆవిడకు ఎంతసేపు? గుండె చిక్కబట్టుకుంది.

"అవును. నా చెయ్యి చూసే మొహానికి అడ్డం పెట్టుకున్నాడు."

"అయితే నేనూ నాన్నలాంటిదాన్నేనా?"

"మీ నాన్న ఈ మాట ఎప్పుడూ అడగలేదు," అంది తల్లి. "ఇక వాడి జోలికి వెళ్ళకు. ఫోను చెయ్యకు. తనంతట తను వస్తే వస్తాడు, రాకపోతే ఊరుకోవాలి."

కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ పక్కనే కూర్చుంది గానీ, ఊరుకోమని మాత్రం అనలేదు.