అల్లుడి కాపలాలో రామ్‌గఢ్ ఉల్కాబిలం

రాజపాళయం స్టేషన్‌లో చెన్నై బండి ఎక్కేటప్పుడు మా అమ్మాయి నిత్య, జాగ్రత్తలన్నీ నాకు కాక తన భర్తకు చెప్పింది. "అమ్మను తనియా, ఒంటిగా ఎక్కడికీ అంపవద్దు. కొండ మీద మీరు పక్కనే ఉండాల. ఆయాసంతో మూచ్చు వాంగితే వెంటనే కూచోపెట్టండి." అల్లుడు జగదీశన్ బుద్ధిగా తల ఊపారు. ఆయన చేతిలో ఒక సంచి నిండా నా మందులు, గ్లూకోజు పొట్లాలు, బీపీ చూసే మిషను ఉన్నాయి. నా చేతిలో పొడి ఇడ్లీలు, పులిహోర.

ఎండాకాలంలో ఒకరోజు మా గిడ్డంగిలో, గాయాలకు కట్టే గాజుగుడ్డ బేళ్ళ మధ్య కళ్ళు తిరిగి పడిపోయాను. డాక్టరు మాత్ర మార్చారు, అంతటితో సరిపోయింది. కానీ నిత్యకు సరిపోలేదు. ఇక ప్రయాణాలు చాలంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: ఈసారికి అల్లుడు తోడు వస్తారు, తిరిగొచ్చాక నేను ఇలా తిరగవచ్చో లేదో ఆయనే చెప్తారు. అరవై దాటిన నేను, నా కంటే పాతికేళ్ళు చిన్నవాడి దగ్గర పరీక్షకు కూర్చున్నానన్నమాట. నాకు భయం లేదు. ఓడిపోతే మాత్రం ఇదే ఆఖరి ప్రయాణమని తెలుసు.

ఆకాశం నుంచి రాయి పడి ఏర్పడిన గుంతలు చూడడం నాకు చిన్నప్పటి పిచ్చి. నాన్న ఆసుపత్రులకు బ్యాండేజీ గుడ్డ అమ్మడానికి జాల్నా వైపు వెళ్తూ, బడి సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయారు. పని అయ్యాక బస్సులో తీసుకెళ్ళి లోణార్ గుంత చూపించారు. "ఇంత పెద్ద గుంత ఎవరు తవ్వినారు నాయనా?" అని అడిగాను. "ఎవరూ తవ్వలే. పైనుంచి పడింది" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పెద్దయ్యాక మధ్యప్రదేశ్‌లో ధాలా చూశాను. ఊరి చుట్టుపక్కల గుండ్రంగా ఏ గుంత ఉందని విన్నా స్కూటరు వేసుకుని వెళ్ళాను. సత్రపట్టి దగ్గరిది పాత క్వారీ, చోళపురం దగ్గరిది ఎండిపోయిన చెరువు. మన దేశంలో నిపుణులు ఒప్పుకున్న బిలాల్లో నేను చూడాల్సింది రాజస్థాన్‌లోని రామ్‌గఢ్ ఒక్కటే.

పొద్దున చెన్నైలో దిగాం. సాయంత్రం సెంట్రల్ నుంచి జైపూర్ బండి. నెల్లూరులో ఎక్కినావిడ మా మాటలు కాసేపు విని, "మీరు మాట్లాడేది తెలుగేనా అండీ?" అని అడిగింది.

"తెలుగే. మాది రాజపాళయం. మా పెద్దలు ఎప్పుడో అక్కడికి వచ్చినారు" అన్నాను.

"యాత్రకా?"

"యాత్రకే. కానీ గుడికి కాదు, ఆకాశం నుంచి రాయి పడిన చోటికి."

ఆవిడ మా అల్లుడి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

రెండు రాత్రులు, మధ్యన ఒక పగలు రైల్లోనే. కోటాలో దిగేసరికి ఇంకా చీకటి, మేం తెచ్చుకున్న స్వెటర్లకు ఆగని చలి. స్టేషన్ బయట మట్టికప్పుల్లో టీ తాగి, ఏడింటి బస్సులో బారాఁ చేరాం. బస్టాండు దగ్గరే లాడ్జి దొరికింది. వేణ్నీళ్ళు అడిగితే బకెట్‌తో తెచ్చిస్తారు. స్నానం చేసి, కచోరీలు తిని, ఒక ఆటో మాట్లాడుకున్నాం. రామ్‌గఢ్ అక్కడికి గంట దారి. తిరిగి రావడానికి బళ్ళు తక్కువ కాబట్టి వెళ్ళేవారు ఆటోను అక్కడే ఆపుకోవడం మంచిది. వ్యాపారంలో నేర్చుకున్న హిందీ నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది.

ఆవాల చేల మీద పసుపు పూత. నేల అద్దంలా చదునుగా ఉంది. ఉన్నట్టుండి ఆ చదును మధ్యలో ఒక కొండ లేచింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ అది కొండ కాదని, గుండ్రంగా తిరిగిన గోడ అని తెలిసింది. ఒక పక్క తెరిచి ఉన్న సందులోంచి రోడ్డు లోపలికి పోతుంది. లోపల ఊరు, చేలు, చెరువు, వెయ్యేళ్ళనాటి పాత శివాలయం. లోపలున్నవారికి అది గుంత అని తోచదు. చూడాలంటే అంచు ఎక్కాలి.

ఆ గోడ మీద సగం ఎత్తులో ఉన్న అమ్మవారి గుడి వరకు మెట్లున్నాయి. అల్లుడు పది మెట్లకొకసారి నన్ను ఆపి నాడి చూశారు. గుడి దాటాక రాళ్ళలో కాలిబాట. అక్కడి ఇసుకరాతి పొరలు చూపించి చెప్పాను. "ఇవి ఒకప్పుడు మన గిడ్డంగిలో తానులు పేర్చినట్టు పడుకొని ఉండినాయి. దెబ్బ పడినప్పుడు అంచు పైకి లేచి బయటికి వాలిపోయింది. చూడండి, అన్నీ బయటికే వాలినాయి."

"సరి అత్తా, మీరు కింద చూసి నడవండి" అన్నారు ఆయన, నన్నే చూస్తూ. ఆ మాట పూర్తికాక ముందే ఆయన పాదం రెండు రాళ్ళ మధ్యకు జారింది.

చీలమండ మెలిపడింది. ఆయన కూర్చుండిపోయారు, ముఖమంతా చెమట. నేను బూటు విప్పి, కాలు నా ఒళ్ళో పెట్టుకుని, సంచిలోని బ్యాండేజీతో బిగించి కట్టాను. తరాలుగా ఆ గుడ్డ నేయించి అమ్ముతున్న ఇంటిదాన్ని, కట్టడం నాకెవరూ నేర్పనక్కర్లేదు.

అంచు పైనే కనబడుతోంది. పావుగంట ఎక్కితే చాలు.

"మీరు పోయి చూసి రాండి అత్తా. నేను ఇక్కడే కూచుంటాను" అన్నారు.

పైకి చూశాను. ఆయన పాదం చూశాను. అప్పటికే వాచింది, ఎండ ముదురుతోంది, మా చుట్టూ కొండముచ్చులు చేరుతున్నాయి. మందుల సంచి నా భుజానికి తగిలించుకున్నాను. "నా భుజం పట్టుకోండి మాప్పిళ్ళై. మెల్లగా దిగుదాం" అన్నాను.

గుడి వరకు ఆయన బరువు నా మీదే. అక్కడ మేకలు తోలుకొస్తున్న ఒకామె రెండో పక్క పట్టుకుంది. కింద ఆటో దాకా దించాక, "మీ అబ్బాయా?" అని హిందీలో అడిగింది. అల్లుడన్నాను. "అత్త భుజం గట్టిదే" అని నవ్వి వెళ్ళిపోయింది. బారాఁ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, కట్టు బాగానే ఉందన్నారు.

సాయంత్రం లాడ్జిలో నిత్య ఫోన్ చేసింది. ఆయన జరిగింది దాచకుండా చెప్పారు. స్పీకర్‌లో నిత్య గొంతు నాకూ వినబడుతోంది.

"అమ్మ పడిపోలేదే?"

"పడింది నేను. నన్ను కొండ దించింది మీ అమ్మ."

"అట్లయితే ఇకమీద అమ్మను అంపవచ్చునంటారా?"

"కండిప్పా, తప్పకుండా అంపవచ్చు. నన్ను అంపేటప్పుడు మాత్రం ఆమెను తోడు అడుగు" అన్నారు ఆయన.

ఫోన్ పెట్టేసి, "రేపు బండి సాయంత్రం కదా? పొద్దున మీరు పోండి" అన్నారు నాతో.

ఎండ రాకముందే ఎక్కాను. నిన్న మేం ఆగిన రాయి దాటి, ఇంకా పైకి, అంచు చివరి దాకా. ఒక పక్క బయటి మైదానం, ఇంకో పక్క లోపలి గిన్నె. గోడ అంతా ఒకేసారి కనబడింది. ఎడమ నుంచి బయలుదేరి, పొగమంచులో సన్నబడి, తిరిగి నా కుడిచేతి దాకా వచ్చింది. మధ్యలో చెరువు, గుడి శిఖరం, పచ్చటి గోధుమ చేలు. ఎవరో మోటారు వేశారు, ఆ చప్పుడు ఇంత పైకి వినబడింది. ఎక్కగలనని తెలిసి ఎక్కాను, అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో కింది బెర్తు ఆయనకిచ్చి, కాలు కింద నా దుప్పటి మడిచి పెట్టాను. ఎవరైనా రామ్‌గఢ్ వెళ్తే చలికాలంలో వెళ్ళండి, చీలమండ కప్పే బూట్లు వేసుకోండి, లోపలి గుడితో సరిపెట్టుకోకుండా అంచు ఎక్కండి. లోణార్‌లో గుంత ఎదురుగా ఉంటుంది, ధాలాలో రాళ్ళను బట్టి ఊహించుకోవాలి. రామ్‌గఢ్‌లో మాత్రం కష్టపడి ఎక్కినవారికే అది గుంతగా కనబడుతుంది. మూడింటిలో నాకు అదే నచ్చింది.

చెన్నైలో బండి మారి, మరునాడు పొద్దున విరుదునగర్ దాటుతుండగా అల్లుడు లేచి కూర్చున్నారు. కొంతసేపు బయటికి చూసి, "అత్తా, ఆ రాయి పడిన దినం అక్కడ ఏమి జరిగి ఉంటుంది?" అని అడిగారు.

నన్ను ఎందుకు పోతావని అడిగినవారు చాలామంది ఉన్నారు, ఎంత ఖర్చయిందని అడిగినవారు ఇంకా ఎక్కువ. అక్కడ ఏమి జరిగిందని మా ఇంట్లో అడిగిన మొదటి మనిషి ఆయనే. శివకాశిలో టీ వచ్చింది, పోయింది. రాజపాళయం ప్లాట్‌ఫారం మీద నిత్య మా బోగీ కోసం వెతుక్కుంటూ వచ్చేసరికి, నేను చెప్తున్న కథలో రాయి ఇంకా నేలను తాకలేదు.