కెమెరా చూసిన పట్టీ

మా వీధిలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. నేను ఠాణే వెళ్లి కొత్త కంపెనీ కెమెరా కొన్నానట, మనిషి కంటికి కనబడని నేత తప్పును అది పట్టేసిందట. చెప్పేవాళ్లు నన్ను పొగుడుతున్నామనే అనుకుంటారు. కెమెరా కొన్న మాట నిజం. మిగిలింది అబద్ధం. అది ఏ తప్పునూ పట్టలేదు, లేని తప్పును పుట్టించింది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది కానీ, వినేవాళ్లకు మొదటి కథే బాగుంటుంది.

ముంబై పక్కన, మరమగ్గాల ఊరు భివండీలో నాది ఫోటోల పని. ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, వాటికంటే ఎక్కువగా బట్టల ఫోటోలు. ఒకప్పుడు దలాల్ కార్ఖానాకు వచ్చి, మగ్గం మీంచి దిగిన తాకాను, అంటే బట్ట చుట్టను, విప్పించి, బట్టను వేళ్ల మధ్య నలిపి చూసి బేరం మాట్లాడేవాడు. ఇప్పుడు అతని ఫోన్‌కు ఫోటో వెళ్తుంది. అది నచ్చితేనే మాట ముందుకు సాగుతుంది. కాబట్టి బట్టకు ముందు నా ఫోటో మెత్తగా ఉండాలి, ఏం చేస్తాం.

పాత కెమెరాను పదిహేనేళ్లు వాడాను. దాని మీటల మీది గుర్తులన్నీ నా బొటనవేలికే అంటుకుపోయాయి. చివరికి షట్టర్ పాడైతే, ఆ సామాను ఇప్పుడు రాదని బాగుచేసేవాడు చేతులెత్తేశాడు. అదే కంపెనీలో మరొకటి కొనొచ్చు కదా అన్నారు మావారు. కొనొచ్చు. కానీ చేతిలో పట్టుకుని చూస్తే బరువు. నాకు భుజం నొప్పి. ఇంకో కంపెనీది తేలిక. ఇందులో మోజు లేదు, భుజం ఉంది.

దుకాణంలో అమ్మేవాడు మొత్తం సేపూ మావారి మొహం చూస్తూనే మాట్లాడాడు. "మేడమ్‌కు ఏది చూపించమంటారు?" అని హిందీలో ఆయన్నే అడిగాడు. "ఆయనకు కెమెరాలో మూత తీయాలని కూడా తెలియదు, నాతో మాట్లాడు" అన్నాను. మావారు నొచ్చుకోలేదు, నిజమే కనక.

కంపెనీ మారితే పాత లెన్సులు కొత్తదానికి బిగవవు. చీర మార్చి పాత రవికే తొడుక్కుంటానంటే కుదరనట్టే. నా మూడు లెన్సులూ కెమెరాతోపాటు మార్పిడిలో ఇచ్చేశాను. బదులుగా రెండే తీసుకోగలిగాను. ఒకటి చిన్నది, మహా పదునైనది. రెండోది దూరం నుంచి పెళ్లిపీటల మీది మొహాలను దగ్గరికి లాగేది. బట్టను ఆనుకుని పోగు పోగూ తీసే దగ్గరి లెన్సును చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, వెనక్కి పెట్టేశాను. పెళ్లిళ్ల కాలం వస్తోందని. ఆ ఎంపిక నాదే. దాన్ని ఎవరి మీదికీ తోయను.

కొత్త కెమెరాతో మొదటి పని మా మరిది కార్ఖానాది. సొంత మరిది కాదు, మావారికి చిన్నాన్న కొడుకు. షర్టులకు వాడే సన్నటి తెల్ల బట్ట నేయించాడు. ముక్క తెప్పించుకుని మేడ మీద ఎండలో పరిచి, చిన్న లెన్సుతో నిలబడి తీసి పంపేశాను. కెమెరా వెనక బుల్లి తెర మీద ముద్దుగా ఉంది. పెద్దది చేసి చూడలేదు. నా తప్పు అక్కడుంది.

నాలుగో రోజు మా వీధి చివర ఒంటిగది ఖోలీలో ఉండే ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె పెనిమిటి అదే కార్ఖానాలో కూలికి నేస్తాడు. కరీంనగర్ వైపు వాళ్లు. ఊళ్లో సెంటు భూమి లేదు.

"అక్కా, నీ కెమెర మా నోట్ల మన్ను గొట్టింది" అంది.

"ఏందే, ఏమైంది?"

"బట్ట మీద అడ్డం పట్టీలున్నయని దలాల్ వద్దన్నడట. తాకా కొసకు మా ఇంటాయన మగ్గం నంబరున్నది. సేటు పనిల నుంచి తీసేసిండు. మూడొద్దులాయె, మాన్కోలి గోదాముల పెట్టెలు మోస్తున్నడు."

ప్రతి తాకా చివరా మగ్గం నంబరు రాయడం ఇక్కడి పద్ధతి. తప్పు వస్తే నేసిన మనిషి దగ్గరికే నేరుగా వెళ్లొచ్చు. మగ్గం ఆగి మళ్లీ నడిచినప్పుడు బట్టకు అడ్డంగా పట్టీ పడుతుంది. అది నేసే కారీగర్ ఏమరుపాటు కిందే లెక్క. పట్టీ అనగానే అందరికీ తోచేది అదొక్కటే. అందుకే కెమెరాను ఎవరూ అనుమానించలేదు.

ముక్క నా దగ్గరే ఉంది. వెలుతురుకు పట్టి చూశాను. వేళ్లతో తడిమాను. అద్దంలా ఉంది. ఫోన్‌లో ఫోటో తెరిచాను. అడ్డంగా బూడిదరంగు అలలు! ఫోటోను వేళ్లతో సాగదీస్తే అలలు కూడా ఆకారం మార్చుకున్నాయి. మగ్గం మీద పడిన పట్టీ అయితే ఉన్నచోటే ఉండాలి కదా.

మేడ మీద మళ్లీ తీశాను. ఒక అడుగు ముందుకేస్తే అలలు వెడల్పయ్యాయి. ఇంకో అడుగు వేస్తే మాయమయ్యాయి. తరువాత చదివి తెలుసుకున్నాను. పాత కెమెరాలో బొమ్మను రవ్వంత మసక చేసే పొర ఒకటి ఉండేది. ఇంకా స్పష్టంగా రావాలని కొత్తదాంట్లో తీసేశారు. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడితే అలలు కనబడవా? సన్నటి నేతకూ కెమెరా లోపలి చుక్కలకూ మధ్య జరిగేది అదే.

ఆ మధ్యాహ్నమే కార్ఖానాకు వెళ్లాను. మగ్గాల చప్పుడులో మరిదితో అరుస్తూ మాట్లాడాలి. నాకదేం కష్టం కాదు.

"గంత పిరం కెమెర అబద్ధం జెప్తదా వదినె?" అన్నాడు.

"జెప్తది. నిలబడు, కదలకు" అని అతను తొడుక్కున్న సన్నగళ్ల చొక్కాను ఫోటో తీసి చూపించాను. ఛాతీ మీద ఇంద్రధనుస్సులాగా అలలు.

"ఇగ జెప్పు, నీ అంగి నేసినోన్ని గూడ తీసేయిద్దామా?"

పక్క మగ్గం దగ్గరున్న ముసలి కారీగర్ మెడ చాచి చూసి, "సేటుకు కడుపుల మబ్బు పట్టింది, అందుకే పైన సింగిడి లేసింది" అన్నాడు. అందరూ నవ్వారు. మరిది మొహం మాడింది కానీ, చొక్కాను చేత్తో తడిమి చూసుకున్నాడు. తరువాత నా చెవి దగ్గరికి వంగి అన్నాడు. "నేను ఊకెనే తీసెయ్యలే వదినె. ఫోటో సూపెట్టిన. నాదే తప్పు సేటూ అని ఆయనే ఒప్పుకున్నడు. ఒప్పుకున్నంక నేనేం జెయ్యాలె?"

అతన్ని మళ్లీ పనిలోకి రమ్మంటున్నానని మరిది చేత అనిపించాకే అక్కణ్నుంచి కదిలాను.

మర్నాడు అతని భార్యతో కలిసి షేర్ రిక్షాలో మాన్కోలి వెళ్లాను. తిండివేళ. గోదాము బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. అరచేతులు పెట్టెల పట్టీలకు కోసుకుపోయి ఉన్నాయి.

"గీడికెందుకచ్చినవక్కా, ఎండల?" అన్నాడు ముందు.

"బట్టల పట్టీ లేదు తమ్మీ. నా కెమెరదే తప్పు. సేటు రమ్మంటున్నడు."

"గట్లనా" అన్నాడు. అంతే.

"గట్లనా ఏంది? కోపం రాదా నీకు?"

"ఎవల మీద రావాలె, కెమెర మీదనా?"

"నా మీదయితే రోజు అస్తది" అంది భార్య. అతను నవ్వాడు. "నా మగ్గాలు ఎవలకిచ్చిండు?" అని అడిగాడు. అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. చెప్పాను. తల ఊపాడు.

అతను తిరిగొచ్చాడు. పాత మగ్గాలు దొరకలేదు. తలుపు దగ్గరివి, మాటిమాటికీ ఆగేవి ఇచ్చారు. నేను వాటి గురించి మరిదితో రెండుసార్లు పోట్లాడాను, మూడోసారి కూడా పోట్లాడతాను. పెళ్లిళ్ల లెన్సు వాపసు ఇచ్చి దగ్గరి లెన్సు తెచ్చుకున్నాను. ఆ ఏడు పెళ్లిళ్లలో మొహాల కోసం పీటల మీదికి ఎగబడి పురోహితుల చేత తిట్లు తిన్నాను. పరవాలేదు. ఇప్పుడు ఏ బట్టనైనా మూడు దూరాల నుంచి తీసి, చేత్తో తడిమాకే పంపుతాను.

కానీ ఆ రోజు కుళాయి దగ్గర విన్న ఇంకో మాట నన్ను వదల్లేదు. "ఆనాడు మగ్గం ఆగిందా?" అని అడిగాను. ఆగలేదన్నాడు. పోగు తెగిందా? "తెగితే నాకెర్కుంటది గదక్కా." మరి నీదే తప్పని సేటు ముందు ఎందుకు ఒప్పుకున్నావంటే, "ఫోటోల కనబడ్డది గద" అన్నాడు, తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ. ఆ తరువాత చాయ్ బండి దగ్గర ఎదురుపడ్డ ప్రతిసారీ అడిగాను. నవ్వి గ్లాసు అందిస్తాడు తప్ప చెప్పడు.

ఇరవై ఏళ్లుగా నేస్తున్న మనిషివి. మగ్గం ఆగలేదని నీకు తెలుసు. ఎప్పుడూ మగ్గం ముందు నిలబడని నా ఫోటో ఎదుట, లేదు సేటూ అని ఒక్క మాట ఎందుకు అనలేకపోయావు తమ్మీ?