అత్త కథల్లో రాకుమారుడు గడప దాటడు

మా సత్యభామ అత్తకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అడగకుండా ఎవరి చెయ్యీ పట్టుకోదు. అది జబ్బెందుకవుతుంది, మర్యాద కదా అంటారేమో. రాయచూరు బజారులో ముప్ఫై ఏళ్లుగా గాజుల దుకాణం నడిపే మనిషి ఆమె. రోజుకు డెబ్బై చేతులు పట్టుకోవాలి. ప్రతి చేతి ముందూ ఆగి, "పట్టుకోనా?" అని అడిగి, "ఊఁ" అనిపించుకున్నాకే ముట్టుకుంటుంది. శ్రావణమాసంలో ఆ దుకాణం ముందు వరస వీధి మలుపు దాకా పోయేది.

"చెయ్యి చాపిన కదమ్మా, ఇంకేం అడుగుతవ్?" అని ఒకామె విసుక్కుంది.

"గాలి కోసం చాపినవేమో, నాకేం ఎరుక?"

"గాజుల దుకాణంల గాలి కోసం ఎవరన్నా చాపుతరా?"

"ఎందుకు చాపినవో నువ్వే చెప్పు. పట్టుకోనా, వద్దా?"

ఈ జబ్బు దుకాణంలోనే ఆగిపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు. అత్తకు ఇంకో రహస్య జీవితం ఉంది. మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించి, నలుగురైదుగురు ఆడవాళ్లను చుట్టూ కూచోబెట్టుకుని రాజుల కథలు, దేవకన్యల కథలు చెబుతుంది. చిన్నప్పుడు మనమంతా విన్న కథలే. కాకపోతే మన పెద్దవాళ్లు గబగబా దాటేసిన చోట్ల ఈమె ఆగి, కాళ్లు చాపుకుని, తీరిగ్గా చెబుతుంది. ఎం.కాం. చదివి అత్త దుకాణంలో కూచునే నేను, ఆమె మేనకోడలు అర్పితను, వాటిని ఫోనులో టైపు చేసి కథల యాప్‌లో పెట్టేదాన్ని. కలం పేరు 'మల్లెమొగ్గ'. చదివేవాళ్లు పదకొండు వేల మంది. రెండు వీధుల అవతల కిరాణం నడిపే మా నాన్న నాగేశ్వరయ్య, ఆమెకు స్వయానా తమ్ముడు, మేం స్టాకు లిస్టు రాసుకుంటున్నామనుకునేవాడు.

చిక్కేమిటంటే, కథల్లోకి కూడా జబ్బు వచ్చేసింది. దేవకన్య చెరువులో స్నానం చేస్తుంటే ఒకడు ఆమె చీర దాచేసి, గతిలేక పెళ్లికి ఒప్పుకునేలా చేస్తాడు కదా. అత్త దగ్గర ఆ పప్పులుడకవు.

"చీర ఎక్కడ దాచిండని రాయాలె అత్తా?"

"దాచలే. గాలికి కింద పడ్డదాన్ని దులిపి కొమ్మకేసిండు. అటు తిరిగి కూచున్నడు."

"ఎంతసేపు?"

"ఆమె పిలిచేదాక."

"పిలవకపోతే?"

"మెడ నొప్పి పుడతది. పుట్టనీ."

ఇదంతా చప్పగా ఉంటుందనుకుంటే పొరపాటే. చివరికి ఆ దేవకన్య తనే పిలుస్తుంది. "జడ విప్పనా?" అంటాడు వాడు. "విప్పు." "భుజం మీది నీటిచుక్క తుడవనా?" "చేత్తో వద్దు." "మరి?"

సరిగ్గా అక్కడ అత్త ఆగి చెంబెడు నీళ్లు తాగేది. దుకాణంలో ఒక్కరూ ఊపిరి పీల్చేవాళ్లు కాదు. రిటైరైన కన్నడ టీచరు శరణమ్మ అయితే గాజుల పెట్టె మీద దబదబా కొడుతూ, "ముందేనాయ్తు? సత్యభామా, ముందేనాయ్తు?" అని, తర్వాతేమైందో చెప్పమని ప్రాణం తీసేది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. లోపల దానికంటే రెండు ఎక్కువే.

రాకుమార్తెల వయసు దగ్గర కూడా పేచీయే. ఒకసారి అలవాటుకొద్దీ 'పదహారేండ్ల రాజకుమారి' అని కొట్టాను. అత్త ఫోను లాక్కుంది.

"పదహారేండ్ల పిల్లకు ఈ కథల ఏం పని? చదువుకోనీ దాన్ని. ఇరవై ఐదు అని రాయి."

తల దగ్గర బంగారు బెత్తం, కాళ్ల దగ్గర వెండి బెత్తం పెడితే ఏళ్ల తరబడి నిద్రపోయే రాజకుమారి ఉంది కదా. అత్త రాకుమారుడు బెత్తాలు అటూ ఇటూ మార్చి, గబుక్కున బయటికి పోయి గడప అవతల నిలబడతాడు. ఆమె లేవాలి, ముఖం కడుక్కోవాలి, ఎవరు నువ్వు అని అడగాలి. ముద్దు వచ్చేసరికి నాకు వేళ్లు నొప్పి పుట్టేవి.

ఒకరోజు శరణమ్మ తిరగబడింది. "కథే గదా సత్యభామా. నిజంగ ఎవడన్నా మీదికొస్తే చెప్పుతో కొడత. కథల మాత్రం నన్ను దొంగ ఎత్తుకపోవాలె, నేను వద్దు వద్దు అనాలె. నా మనసుల ఊహకు కూడా నీ పర్మిషన్ కావాల్నా?"

ఆ మాటతో అత్త రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు కథ తెచ్చింది. అందులో రాజకుమారే దొంగకు ముందుగా ఉత్తరం రాస్తుంది. 'గురువారం వెనక తలుపు దగ్గరకు రా. తెల్ల గుర్రం తేవాలె. నేను అరుస్త, కాళ్లతో తన్నుత, వద్దు వద్దు అంట, పట్టించుకోకు. కానీ జొన్నలు అన్ననంటే మాత్రం గుర్రం ఆపాలె.'

"జొన్నలేంది అత్తా?"

"అసొంటి టైముల ఎవరి నోట్లకెల్లన్నా జొన్నలని వస్తదా? వచ్చిందంటే నిజంగ ఆపమన్నట్టు."

దారిలో రాజకుమారికి నడుం పట్టేసి "జొన్నలు" అంటుంది. దొంగ గుర్రం ఆపి, నీళ్లు తాగించి, కింద దుప్పటి మెత్తగా సర్ది, "పోదమా, వాపసు దించనా?" అని అడుగుతాడు. "పోదం" అంటుంది. తర్వాత జరిగింది నేను ఒంటికన్నుతో టైపు చేశాను. శరణమ్మ ఆ కథ నాలుగుసార్లు చెప్పించుకుంది.

ఇంకో కథకు మాత్రం జనం తిట్టిపోశారు. ఏడు సముద్రాలు దాటి, రాక్షసుణ్ణి చంపి వచ్చిన రాకుమారుడు గడప దగ్గర నిలబడి అడుగుతాడు. ఆమె "వద్దు" అంటుంది.

"అయిపోయింది. రాసుకో" అంది అత్త.

"ఏం అయిపోయింది? వాడేం చేసిండు?"

"ఏం చేస్తడు? ఇంటికి పోయి రొట్టె తిని పండుకున్నడు."

మూడు వందల మంది చదువరులు మండిపడ్డారు. అన్ని సముద్రాలు దాటినవాడికి దక్కేది రొట్టేనా అని ఒకాయన నిలదీశాడు. అత్త చెప్పగా నేను జవాబు కొట్టాను: 'సముద్రాలు దాటమని ఆమె చెప్పిందా?'

ఇన్ని కథలు టైపు చేసినదాన్ని, నా దాకా వచ్చేసరికి నా నోరు పడిపోయింది. పక్కనే ఉన్న మాన్వి ఊరి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి విజయకుమార్, వడ్ల వ్యాపారం. పెళ్లిచూపుల్లో పది నిమిషాలు కూచున్నాం. ఆయన మిక్చర్ ప్లేటు చూశాడు, నేను నేల చూశాను. ఆయన మీద నాకు కోపం లేదు, ఇష్టమూ లేదు. "మా అర్పితకు ఇష్టమే" అని నాన్న నా బదులు చెప్పేశాడు. రోజూ పొద్దున నాన్నకు చెబుదామనుకునేదాన్ని. ఆలోగా పత్రికలు అచ్చయ్యాయి, మంటపం మాట్లాడారు, చుట్టాలకు కబుర్లు పోయాయి. అత్త ఒకసారి అడిగింది కూడా.

"నీకు ఇష్టమేనా?"

"నాన్న ఇష్టం."

"మీ నాన్న చేతికి గాజులేస్తలేను గదా నేను" అని ఊరుకుంది.

పెళ్లికి పది రోజుల ముందు నాన్న దుకాణానికి వచ్చి కొలత గాజు ఇచ్చాడు. పెళ్లికూతురి పాత గాజు ఒకటి ఇస్తే, ఆ కొలతకు పచ్చ గాజులు సిద్ధం చేయడం మా దగ్గర ఆనవాయితీ. నాన్న తెచ్చింది మా అక్క స్ఫూర్తి గాజు.

"ఇది అర్పితది కాదు గదరా."

"అక్కచెల్లెండ్లే గదక్కా. ఒకటే కొలత."

"ఆమెను అడిగినవా?"

"గాజు కొలతకు కూడా అడగాల్నా?"

అత్త ఆ గాజును అటూ ఇటూ తిప్పి చూసి పెట్టెలో వేసుకుంది. నేను అప్పుడే భయపడాల్సింది.

గాజుల కార్యం మా ఇంట్లోనే. మాన్వి నుంచి అబ్బాయి తల్లి కావేరమ్మ బంధువులతో వచ్చింది. మొత్తం నలభై మంది ఆడవాళ్లు. అత్త నా ఎదురుగా చాప మీద కూచుని, పక్కన పచ్చ గాజులు పెట్టుకుని, ఎప్పటిలాగే "పట్టుకోనా?" అంది. అందరూ నవ్వారు.

"పెండ్లిపిల్లను అడుగుతరా ఎక్కడన్నా? కానియ్యండి" అంది కావేరమ్మ.

నేను తల వంచుకున్నాను. అత్త నా చెయ్యి ముట్టుకోలేదు, గాజును మాత్రం ముందుకు పట్టింది. నేను చెయ్యి దూర్చాను. చెయ్యి దించగానే గాజు జారి, దొర్లుకుంటూ పోయి కావేరమ్మ కాలికి తగిలింది. రెండోది కూడా జారిపోయింది.

"ఇదేంది, కొలత తప్పినవా?" అంది కావేరమ్మ.

"నేను తప్పలే. ఎవరి చెయ్యో కొలిచి ఈ పిల్లకు తొడగమన్నరు."

గుమ్మం దగ్గర నుంచి నాన్న, "అక్కా, జర..." అన్నాడు. అత్త అటు చూడలేదు.

"అర్పితా, చెయ్యి పట్టుకోనా?"

వద్దు అనేది రెండక్షరాల మాట. నలభై మంది చూస్తుంటే అది గొంతులోంచి రాలేదు. నోరు తెరిచాను. వచ్చింది ఇది:

"జొన్నలు."

"ఏమంటుందీ పిల్ల? ఆకలైతుందా?" అంది కావేరమ్మ.

వెనక వరసలోంచి శరణమ్మ దిగ్గున లేచింది. ఒళ్లోని పసుపు పళ్లెం బోర్లా పడింది. "ఆపండి! గుర్రం ఆపండి!" అని అరిచింది. మాన్వి వాళ్లు కిటికీలోంచి వీధిలోకి చూశారు.

అత్త రెండు చేతులూ వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "వీళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పు బిడ్డా" అంది మెల్లగా.

"నాకీ పెండ్లి వద్దు" అన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి సులువుగా వచ్చింది.

ఆ తర్వాత జరిగిన రభస మీరే ఊహించుకోండి. మాన్వి వాళ్లు కారెక్కి వెళ్లిపోయారు. నాన్న తల పట్టుకుని కూచున్నాడు. "పిల్లగాడు ఏమైపోతడో. ఏ అఘాయిత్యం చేసుకుంటడో" అని ఒకటే గొణుగుడు. నాకూ అదే భయం పట్టుకుంది. ఆ భయం అత్త మీద కోపంగా మారింది.

"పెండ్లి చెడగొట్టాలనే పెద్ద గాజులు తెచ్చినవు గదా?"

అత్త తన సంచిలోంచి పేపరు పొట్లం తీసి విప్పింది. రెండు డజన్ల పచ్చ గాజులు. రెండు-నాలుగు సైజు, నా చేతికి సరిగ్గా సరిపోయేవి.

"ఊఁ అంటవేమోనని ఇవి కూడ తెచ్చిన. నీ చెయ్యి ఎంతనో నాకు ఎరుకే. నువ్వేమంటవో ఎరుక లేదు. అందుకే అడిగిన. నా పెండ్లికి గాజులాయన వేళ్లు విరిగేటట్టు పిండిండు. నొప్పి అంటే, పెండ్లిపిల్ల మాట్లాడొద్దన్నరు."

నాకు ఏడుపొచ్చింది, దాచను.

"కండ్లు తుడవనా?" అంది అత్త.

"తుడువు" అన్నాను.

మర్నాడు పొద్దున కావేరమ్మ ఫోను చేసింది. నాన్న కంగారులో ఒకటి నొక్కబోయి స్పీకరు నొక్కాడు. పావుగంట మా వంశాన్నంతా కడిగి ఆరేసింది. ఆమె ఊపిరి తీసుకునే సందు చూసి అత్త ఫోను దగ్గరకు వంగింది.

"అంతా సరే వదినా. పిల్లగాడు ఎట్లున్నడు?"

"వానికేమైంది? నిన్న సంగతి విన్నడు, నాలుగు రొట్టెలు తిని పండుకున్నడు. ఇంకా లేవలే."

అత్త నా వైపు చూసింది. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పరిగెత్తి, నోట్లో కొంగు కుక్కుకున్నాను. కాసేపటికి నాన్న అడుగుల చప్పుడు వినిపించింది. వచ్చి వంటింటి గడప అవతల ఆగిపోయాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, తన ఇంట్లో, తన వంటింటి ముందు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రానా, బిడ్డా?" అన్నాడు.

"జల్దీ చెప్పకే. మెడ నొప్పి పుట్టనీ" అని వెనక నుంచి అత్త కేకేసింది.

నేను కాసేపు నిలబెట్టి, రమ్మన్నాను.