రాఘవయ్య గారి కన్నీళ్ళు

నేను చెప్పబోయేది ఒక మహాప్రళయం కథ. అందులో ఊరేమీ మునగలేదు గానీ, ఒక పెద్దమనిషి కళ్ళలోంచి కారిన నీళ్ళని కాలవకి మళ్ళిస్తే రెండెకరాల మిరపతోట తడిసేది. కారణం ఎవరనుకున్నారు? నేనే.

సెల్‌ఫోన్ ఉన్నవాణ్ణి జనం తలతిప్పి చూసే రోజులవి. గుంటూరు పక్కన మా ఊళ్ళో నేనూ, మిర్చి వ్యాపారం చేసే మస్తానూ, ఇంకొందరం కలిసి సాయంత్రాలు బళ్ళో పిల్లల చేత కథల పుస్తకాలు చదివించేవాళ్ళం. జీతం లేదు, టీ కూడా మా డబ్బులతోనే. ఆ హాయి మాత్రం ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

అక్కడ ఒక పుస్తకం ఉండేది. చంకకర్రలతో నడిచే పిల్ల ఒకతి, "మా తరగతి మేడమీద ఎందుకు పెట్టారు సార్?" అని హెడ్మాస్టర్ని నిలదీస్తుంది అందులో. స్కూలు కమిటీ ఛైర్మన్ రాఘవయ్య గారు అది చూసి భగ్గుమన్నారు.

"పిల్లలకి ఎదురు ప్రశ్నలు నేర్పుతారా? పాతకాగితాల వాడికి పడెయ్యండి!"

మస్తాన్ కూతురు జరీనాకి పోలియో. దాని తరగతీ మేడమీదే. ఆ పుస్తకాన్ని సొంత చెల్లెల్లా చూసుకునేది.

"మామయ్యా, అది తీసేస్తే నాలాంటి పిల్ల ఇంకే పుస్తకంలో ఉంది?" అంది.

పాతకాగితాల కట్టలోంచి కాపీలు లాగేసి మస్తాన్ కొట్టుకి పరిగెత్తాను. ఖాళీ మిర్చి గోతం ఒకటి కనిపిస్తే, వాటిని దాచడానికి అందులో కుక్కబోయాను.

"ఒరేయ్, అందులో వద్దురా!" అన్నాడు మస్తాన్.

"పుస్తకాలకి ముక్కుంటుందేంట్రా, తుమ్మడానికి?" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల్ని కూడగట్టాం. చివరికి రాఘవయ్య గారు కాస్త మెత్తబడ్డారు.

"సరే, అందరి ముందూ చదువుతా. నచ్చలేదో, ఆ పుస్తకమూ ఉండదు, మీ సాయంత్రం చదువులూ ఉండవు."

బడి ఆవరణ నిండా జనం. గోతంలోంచి పుస్తకం తీసి, అట్ట తుడిచి, వినయంగా అందించాను. లోపలి పేజీలు కూడా దులపాలన్న జ్ఞానముంటే నేనీపాటికి కలెక్టర్నయ్యేవాణ్ణి. రాఘవయ్య గారికేమో వేలు నాలిక్కి అద్దుకుని పేజీ తిప్పే అలవాటు. మొదటి పేజీకి చప్పరించారు. రెండో పేజీకి ముఖం పండుమిరపకాయైంది. మూడో పేజీకి, పాపం, అదే వేలితో కన్ను నలుపుకున్నారు. ఇక సాగర్ కాలవ గేట్లెత్తినట్టే!

"ఏమైందండీ?" అన్నాను.

ఆయన నోరు తెరిచారు గానీ మాట రాలేదు. ఈలోగా వెనకనుంచి ఒకావిడ, "చూడండమ్మా, అంత మొండిమనిషి ఆ పిల్ల కథకి ఎలా కుమిలిపోతున్నారో!" అంది. జనం చప్పట్లు కొట్టారు.

మస్తాన్ గాడు ఊరుకోవచ్చుగా? "కారమేమన్నా తగిలిందాండీ?" అని అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

నా ప్రాణం పోయిందనుకున్నాను. కానీ మా వైపు మగాళ్ళ సంగతి మీకు తెలీదు. ఆస్తి పోయిందని ఒప్పుకుంటారు గానీ, కారం ఎక్కిందని చచ్చినా ఒప్పుకోరు.

"కారమా? నాకా?" అని ఉరిమారు రాఘవయ్య గారు. "కథ మనసుని పిండేసిందయ్యా! ఈ పుస్తకం బళ్ళోనే ఉంటుంది. మస్తాన్ కూతురి తరగతిని కిందికి దింపండి. నీళ్ళు... నీళ్ళేవయ్యా!"

కొన్నాళ్ళకి జరీనా కింది వరండాలో కూర్చుని, అదే పుస్తకం చదువుతూ కళ్ళు తుడుచుకుంటోంది. నా గుండె కరిగిపోయింది.

"కథ అంత ఏడిపించిందా తల్లీ?"

"కథ కాదు మామయ్యా, నువ్వు! పేజీలు ఇంకా దులపలేదుగా?"

అక్కడే నిలబడి శపథం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ పుస్తకాన్నీ మిర్చి గోతంలో దాచను. తప్పనిసరైతే పత్తి కుక్కే బోరెం సంచిలో దాస్తాను. మహా అయితే చదివేవాళ్ళకి నిద్రొస్తుంది.