ఘుబ్రాలో ఇటలీ దయ్యాలు

ఆరో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయింది. ఆసుపత్రి నుంచి ఇక్కడ గల్ఫ్‌లో, ఘుబ్రాలో ఉన్న మా ఫ్లాట్‌కి వచ్చాక ఆఫీసువాళ్ళు సెలవిచ్చారు. ఆ సెలవుతో ఏం చేయాలో నాకు తెలియలేదు. నేను ఒక ఇంజనీరింగ్ కంపెనీలో బిల్డింగుల డ్రాయింగులు గీస్తాను. మా ఆయనకి సోహార్ పోర్టు దగ్గర ఉద్యోగం. గురువారం సాయంత్రం వచ్చి శనివారం చీకటిపడే వేళకి వెళ్ళిపోతాడు. మధ్యలో రోజులన్నీ నేనూ, ఏసీ చప్పుడూ.

అప్పటికి ఏడుపు అయిపోయింది. మిగిలింది అలసట. అన్నం కలుపుకోవడం ఒక పని, జడ వేసుకోవడం ఒక పని. ఫోన్ మోగితే ఎత్తడం అన్నిటికన్నా పెద్ద పని. కాకినాడ నుంచి అమ్మ చేసినా, అత్తగారు చేసినా ఒకటే మాట. "చిన్నదానివి, మళ్ళీ అవుతుంది. మనసు వేరేదాని మీద పెట్టుకో." మర్చిపో అనే మాటని ఎన్ని రకాలుగా అనొచ్చో ఆ రోజుల్లోనే తెలిసింది.

మా పై అంతస్తులో కరీంనగర్ వైపు అక్క ఒకావిడ ఉండేది. స్కూల్లో సోషల్ టీచరు. అంతకుముందు లిఫ్టులో నవ్వుకోవడం, పండక్కి డబ్బాలు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప పెద్ద పరిచయం లేదు. ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి రాగానే ఒక చేత్తో పచ్చిపులుసు గిన్నె, చంకలో లాప్‌టాప్‌తో మా తలుపు కొట్టింది.

"తిన్నవా?"

"తిన్నానక్కా."

"అబద్ధం. మొఖం చూస్తె తెలుస్తలేదా?" అంటూ లోపలికొచ్చి అన్నం పెట్టింది. నేను తింటుంటే పరదాలు మూసి లాప్‌టాప్‌ని టీవీకి తగిలించింది. "సిన్మా పెడుతున్న. చూస్తె చూడు, పండుకుంటె పండుకో. మాట్లాడే పనిలేదు."

మాట్లాడే పనిలేదు అన్నందుకే సోఫాలో ఆ చివర కూర్చున్నాను.

అరవైల నాటి ఇటలీ దయ్యాల సినిమా అది. నలుపు తెలుపు. గుర్రబ్బండి ఒకటి పొగమంచులోంచి వస్తోంది. కొండ మీద కోట. లోపల ఒకావిడ తెల్ల గౌను వేసుకుని, కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తోంది. నడుస్తూనే ఉంది. ఒక వసారా, ఒక మెట్లదారి, మళ్ళీ ఇంకో వసారా. మన సినిమాలో అయితే ఈపాటికి మూడు ఫైట్లు అయిపోయేవి.

"ఏమీ జరగట్లేదేంటక్కా?"

"ఇవి గట్లనే ఉంటయి. ఎవ్వలకు తొందరుండది."

బయట ఎండకి రోడ్డు మెరుస్తోంది, కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. తెర మీద మాత్రం తడిసిన రాళ్ళు, పాచిపట్టిన గోడలు, నేలమీద పాకే తెల్లటి పొగ. ఆ తడి చూస్తుంటే ఒళ్ళు చల్లబడింది. కోట అట్టముక్కలతో కట్టిందని తెలుస్తూనే ఉంది. సమాధి మూతని ఒకడు ఒంటిచేత్తో జరిపేశాడు. నవ్వొచ్చింది. నవ్వాక నాకే ఆశ్చర్యం వేసింది.

ఆ తర్వాత అక్క రోజూ వచ్చేది. రంగుల సినిమాలూ చూశాం. వాటిల్లో గోడ మీద ఎర్రటి వెలుగు పడుతుంది, మనిషి పక్కకి జరిగితే మొహం ఆకుపచ్చగా అవుతుంది, ఆ దీపం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పినవి కాబట్టి పెదాలకీ గొంతుకీ కుదిరేది కాదు. పెదాలు కదిలిన కాసేపటికి మాట వచ్చేది. ఆ మనుషులు నాకు దగ్గరగా అనిపించారు. ఫోన్లో "బాగానే ఉన్నానమ్మా" అంటుంటే నా గొంతు కూడా అలాగే ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు అడిగాను. "మీకు భయం అంటే ఇష్టమా అక్కా?"

"భయపడేటందుకు గాదు చూసేది." అంటూ చెప్పుకొచ్చింది. తను హైదరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు చెల్లెలు జ్వరంతో పోయిందట. ఇంట్లో ఆ పిల్ల బట్టలు పంచేశారు, ఫొటో తీసేశారు, పేరెత్తితే కసురుకునేవాళ్ళు. ఆ రోజుల్లోనే కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో ఇలాంటి సినిమా మొదటిసారి చూసిందట. "పోయినోళ్ళు తలుపు కొడుతుంటరు, ఇంట్లోళ్ళు పోయి తీస్తరు. ఊరంత వద్దన్నా తీస్తరు. గా సిన్మా చూసి నాకు పానం నిమ్మలమైంది."

నా సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు.

ఒక గురువారం మా ఆయన డ్యూటీ తొందరగా అయిపోయి మూడింటికే వచ్చేశాడు. గది చీకటిగా ఉంది. టీవీలో శవపేటిక. వాకిట్లో బ్యాగు దించకుండానే నిలబడిపోయాడు.

"ఏంటండీ ఇది? చదువు చెప్పే మనిషి మీరు. ఈ పరిస్థితిలో ఉన్నదానికి చూపించాల్సినవేనా ఇవి?"

అక్క సినిమా ఆపి లేచింది. "నీ కోపం సమజైంది తమ్మీ. లాప్‌టాప్ రేపు తీస్కపోత" అని మెల్లగా వెళ్ళిపోయింది.

నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. టీవీలో బొమ్మ ఆగిపోయి ఉంది. చేతిలో దీపంతో ఒక గది ముందు ముసలాయన.

"ఎవరతను?" అన్నాడు.

"ఆ కోట యజమాని. కూతురు చిన్నప్పుడే పోయింది. గది అలాగే ఉంచాడు. రోజూ వెళ్ళి దీపం పెట్టి వస్తాడు."

ఆయన తెరవంకే చూస్తున్నాడు. "నేను చూశాను" అన్నాడు.

"ఈ సినిమానా?"

"పాపని. నువ్వు మత్తులో ఉన్నావు. చూస్తారా అని నర్సు అడిగింది."

అంతవరకూ నాకు ఆడో మగో కూడా ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సోఫా అంచు పట్టుకున్నాను.

"జుట్టు ఉంది. నల్లగా, మెత్తగా. ముక్కు నీదే." చూపుడువేలు ఎత్తి, ఆ ముక్కు ఎంతుందో చూపించబోయి ఆగిపోయాడు. భుజాలు ఊగిపోతున్నాయి. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"గుర్తుచేయొద్దన్నారు అందరూ. సోహార్ వెళ్ళేటప్పుడు ప్రతిసారీ కారులో చెబుదామనుకునేవాణ్ణి. కారులో నువ్వుండవు కదా."

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. పాపని ఎక్కడ ఉంచారో అప్పుడు అడిగాను. మనవాళ్ళ శ్మశానంలో ఒక మూల, ఆఫీసు స్నేహితుడొకడు తోడురాగా తెల్లగుడ్డలో చుట్టి పడుకోబెట్టానని చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు. తర్వాత మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. నేనే చెప్పమన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. గులకరాళ్ళ నేల, చిన్న మట్టిదిబ్బ, పక్కన ఎండిన ముళ్ళకంప. పొగమంచూ లేదు, కోటా లేదు. అప్పటికే ఎండ కళ్ళలోకి కొడుతోంది. కాసిని పాలు పోసి, నీడ లేని చోట ఎంతసేపు నిలబడగలిగితే అంతసేపు నిలబడ్డాం. తిరిగి వస్తూ దారిలో చాయ్ తాగాం. ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా నిద్రపోయాం.

సాయంత్రం ఆయనే లాప్‌టాప్ తీసుకుని పైకి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. దిగి వచ్చేటప్పుడు లాప్‌టాప్ మళ్ళీ ఆయన చేతిలోనే ఉంది, వెనకాల అక్క.

నాకు ఆ అలసట ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆఫీసులో గీత గీస్తూ గీస్తూ చెయ్యి ఆగిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నాలు ముగ్గురం కూర్చుంటాం. మా ఆయన సగం సినిమా కాకముందే గురకపెడతాడు. "పండుకోనియ్, పాపం" అంటుంది అక్క, సౌండ్ తగ్గిస్తూ. మేమిద్దరం చివరిదాకా చూస్తాం.