కైరో హోటల్ రిజిస్టర్లో నా సంతకం

దయ్యాల మాట ఎవరెత్తినా నేను ముందు అడిగేది రెండే: టైమెంత, పక్కన ఎవరున్నారు? రేపల్లెలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఆ రెండు ప్రశ్నలకే చాలా దయ్యాలు మాయమైపోతాయి. ఇది మాత్రం పోలేదు.

పోయినేడు చర్చీవాళ్ళం పద్దెనిమిదిమంది పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళాం. చివరి మజిలీ కైరో. హోటల్లో దిగగానే పాస్‌పోర్టులన్నీ కౌంటర్లో ఇమ్మన్నారు. వెళ్ళే రోజు సంతకం పెట్టి తీసుకోవాలట. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. నంబరు రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని ఇచ్చాను.

"ఏంటి వదినా, ఆన్సరు పేపరా అది? వాళ్ళేమన్నా మార్కులు తగ్గిస్తారా?" అని బాపట్ల నుంచి వచ్చిన మా ఆడపడుచు కరుణ నవ్వింది.

బయల్దేరే రోజు ఉదయం ఏడూ పది నుంచి ఎనిమిది దాకా అందరం టిఫిన్ దగ్గరున్నాం. నేను కరుణ పక్కన కూర్చున్నాను. ఒక్కసారి కూడా లేవలేదు.

తర్వాత కౌంటర్లో పదిహేడు పాస్‌పోర్టులే ఇచ్చారు. నాది లేదు. అక్కడి అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెబితే, మాతో వచ్చిన తెనాలి పాస్టరు గారు నావైపు తిరిగారు.

"టీచరమ్మా, ఏడున్నరకి మీరే వచ్చి తీసుకున్నారంటుందండి."

"నేను రాలేదండి."

ఆ అమ్మాయి రిజిస్టరు తిప్పి చూపించింది. నా పేరుకెదురుగా తెలుగులో సంతకం. దస్తూరీ నాదే. కాని ముందున్న అక్షరం నా పుట్టింటి ఇంటిపేరుది. పెళ్ళయ్యాక, అంటే నలభై ఆరేళ్ళుగా, నేనది రాయలేదు. పాస్‌పోర్టులోనూ లేదు. మా గుంపులో ఆ ఇంటిపేరు తెలిసింది కరుణకొక్కదానికే. ఆమె నా పక్కనే ఉంది.

పాస్టరు గారు ఆ పేజీని ఫోన్లో ఫొటో తీశారు.

బస్సు పదిన్నరకి. పాస్‌పోర్టు దొరక్కపోతే నన్నొక్కదాన్నే ఆ ఊళ్ళో వదిలి వెళ్ళాలి. గది వెతికాం. నా చేతిసంచి సోఫా మీద బోర్లించి కరుణే రెండుసార్లు దులిపింది. బైబిలు, బీపీ మాత్రలు, కళ్ళద్దాలు, రుమాలు. అంతే.

పదీ ఇరవైకి రుమాలు కోసం అదే సంచిలో చెయ్యి పెడితే పాస్‌పోర్టు తగిలింది.

"వదినా, ఇందాక నేనే కదా దులిపాను," అంది కరుణ. ఇల్లు చేరేదాకా మళ్ళీ ఒక్క జోకూ వెయ్యలేదు.

సంచిలో సరిగ్గా చూడలేదేమో, సరే, ఒప్పుకుంటాను. సంతకం మాటేంటి?

ఇంటికొచ్చాక ఫొటో ఎదురుగా పెట్టుకుని, ఆ పాత సంతకమే ఇరవైసార్లు పెట్టి చూశాను. అక్షరాల వంపు అంతా అదే. ఎవరు పెట్టారో ఇప్పటికీ చెప్పలేను. నాకు చెయ్యి వణుకు మొదలై ఆరేళ్ళు. రిజిస్టర్లో గీత ఎక్కడా వణకలేదు.